పికప్ ముందు బ్రేకు డిస్కులు: ఫేసింగ్ కొట్టించినవీ, కొత్తవీ అరిగేదాకా వాడాక

ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు ఉన్న ఒకటిన్నర టన్ను పికప్ ఇది. భీమవరం, ఆకివీడు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో చేపలు, రొయ్యలు తోలే బండి. అప్పుడప్పుడు మారేడుమిల్లి ఘాట్ దిగి చింతూరు వైపు కూడా పోతుంది. అరిగిన డిస్కులకు ఒక విడత లేత్ మీద ఫేసింగ్ కొట్టించి (అంటే ముఖం సన్నగా కోయించి చదును చేయించి), అవి పనికిరాకుండా పోయేదాకా నడిపాం. తర్వాత కొత్తవి వేసి అవీ వాడాం. మైదానంలో తిరిగే బండికి, డిస్కులో మందం మిగిలి ఉంటే, ఫేసింగ్ ఒక్కసారికి బాగానే పనిచేస్తుంది. లోడుతో ఘాట్ దిగే బండికి మాత్రం అది దండగ. బ్రేకు తొక్కితే వచ్చే వణుకు ఎందుకొచ్చిందో చూడకపోతే రెండింటిలో ఏది చేసినా కొన్ని వేల కిలోమీటర్లకే మళ్లీ పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది.

బ్రేకు తొక్కగానే స్టీరింగు ఊగితే షెడ్డులో వెంటనే వినపడే మాట ‘డిస్కు వంగింది’ అని. నిజంగా వంగడం అరుదు. అసలు జరిగేది వేరు. హబ్బుకూ (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) డిస్కుకూ మధ్య తుప్పు పొర ఉంటే, లేదా బేరింగు వదులుగా ఉంటే, డిస్కు తిరిగేటప్పుడు పక్కకి కొద్దిగా ఊగుతుంది. బ్రేకు తొక్కకపోయినా ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌ని, అంటే డిస్కుని నొక్కి ఆపే పలకని, రాసుకుంటూ పోతుంది. ఆ చోటు కొంచెం కొంచెంగా పల్చబడుతుంది. మందంలో తేడా ఒక మిల్లీమీటరులో 50వ వంతు, అంటే 0.02 దాటిందంటే అది కాలికి తెలుస్తుంది. అందుకే కొత్త డిస్కు వేసిన మొదటి వారం బండి నున్నగా పోయి, కొన్నాళ్లకి మళ్లీ వణుకు మొదలైందంటే డిస్కు నాసిరకమని తిట్టే ముందు హబ్బు ముఖం చూడాలి.

కొలత వెర్నియర్‌తో తీస్తే తప్పు వస్తుంది. డిస్కు అంచున ప్యాడ్ తాకని చోట గట్టులా లేచి ఉంటుంది, వెర్నియర్ దవడలు దాని మీదే కూర్చుంటాయి. మైక్రోమీటరుతో, అంచుకి 10 మిల్లీమీటర్లు లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల కొలవాలి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకే లెక్క. డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనపడుతుంది. ఆ అంకె దాకా కోయించవచ్చని టర్నర్లు అనుకుంటారు, అక్కడే పొరపాటు. అది అరిగి ఆగాల్సిన హద్దు. కోయించాక కూడా ఆ హద్దుకు పైన కనీసం ఒక మిల్లీమీటరు మిగలాలని మా లెక్క, లేకపోతే ఆ ప్యాడ్ల జత అరిగేలోపే డిస్కు హద్దు దాటుతుంది.

లేత్ పని నాణ్యత మొత్తం డిస్కుని ఎలా పట్టుకున్నారన్నదాని మీదే ఉంటుంది. ఈ తరగతి బండ్లలో డిస్కు హబ్బుకి బోల్టులతో బిగించి ఉంటే, విడదీయకుండా హబ్బుతో సహా ఇచ్చి, లోపలి బేరింగు కప్పుల ఆధారంగా సెంటరు చేయమనాలి. ఒక పక్క కోసి, విప్పి, తిప్పి పట్టి రెండో పక్క కోస్తే రెండు ముఖాలూ సమాంతరంగా రావు. ఏ వణుకు పోగొట్టుకోడానికి వచ్చామో దాన్నే డబ్బిచ్చి కొనుక్కున్నట్టు. చివరి కోత 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి, పనిముట్టు నిదానంగా జరగాలి. వేలి గోరు అడ్డంగా లాగితే గ్రామఫోను గీతల్లా తగిలితే వెనక్కి ఇచ్చేయండి. ఆ గీతల వెంట ప్యాడ్ పక్కకి జరిగి టకటకమంటుంది. కోత అయ్యాక 120 నంబరు ఎమరీ పేపరుతో రెండు వైపులా అడ్డదిడ్డంగా రుద్ది, వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. పెట్రోలుతో తుడిస్తే పైజిడ్డు పోతుంది గానీ సన్నటి ఇనుప పొడి రంధ్రాల్లోనే ఉంటుంది. తెల్ల గుడ్డకి నలుపు అంటకుండా వచ్చేదాకా కడగాలి.

ఫేసింగు ఖర్చు కొత్త డిస్కు ధరలో చిన్న వంతే. కానీ హబ్బు ఊడదీయడం, బేరింగులకు గ్రీజు, కొత్త ఆయిల్ సీలు, బండి ఆగిన రోజు బాడుగ ఇవన్నీ రెండు దారుల్లోనూ ఒకటే. అవన్నీ కలిపి చూస్తే మిగిలేది అనుకున్నంత ఉండదు.

ఘాట్‌లో తేడా ఎందుకంటే డిస్కు పని వేడిని మింగడం. లోడుతో కలిపి మూడు టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తి 29 లక్షల జౌళ్లకు పైమాటే, తొమ్మిది లీటర్ల నీళ్లు మరగబెట్టేంత. ఇంజిను మింగినంత పోగా మిగతాది బ్రేకులకే. డిస్కు పలచబడితే అదే వేడికి ఇంకా ఎక్కువగా కాలుతుంది. ఫేసింగు డిస్కులతో దిగువకి వచ్చేసరికి ముందు చక్రాల దగ్గర మాడు వాసన మామూలైపోయింది, డిస్కు మీద నీలం మచ్చలు తేలాయి. ఆ మచ్చల దగ్గర ఇనుము గట్టిపడిపోతుంది, చుట్టుపక్కల అరిగినా అది అరగదు. ఇక ఆ డిస్కుని మళ్లీ కోయించినా లాభం లేదు. కొత్త డిస్కులతో అదే ఘాట్, అదే లోడు, రెండో గేరులో దిగితే వాసన రాలేదు.

ఘాట్‌లో పెడల్ మెత్తగా లోపలికి పోతోందంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోందని అర్థం. పెడల్ గట్టిగా ఉండీ బండి ఆగకపోతే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలింది. మొదటిదానికి ఆయిల్ మార్చాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు, తేమ పీల్చాక 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవి 230, 155. రెండేళ్లకోసారి మార్చడం ఉప్పుగాలి ఊళ్లలో ఎక్కువేమీ కాదు.

ప్యాడ్లలో సెమీ మెటాలిక్ (లోహపు పొడి కలిసిన) రకమే లోడుకి తట్టుకుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కీచుమంటుంది, రిమ్ము నల్లబడుతుంది, డిస్కుని కాస్త తొందరగా తింటుంది. ఇవన్నీ ఒప్పుకునే వేసుకోవాలి. కొన్ని ప్యాడ్ల అంచున రెండక్షరాల గుర్తు ఉంటుంది: మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటిది. ‘ఎఫ్‌ఎఫ్’ అంటే రెండు స్థితుల్లోనూ ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45 మధ్య. రెండో అక్షరం ‘ఈ’ ఉంటే కాలినప్పుడు పట్టు అంతకంటే తక్కువ, ఘాట్ బండికి వద్దు. కౌంటరు మీద పేరూ ఊరూ లేని చవక జత ఒకటి వేసి చూశాం. మందం సగం కూడా అరగకుండానే ఇనుప పలకకీ లైనింగుకీ మధ్య తుప్పు ఉబ్బి ఒక మూల లేచిపోయింది. ఉప్పునీళ్ల బండికి పలక మీద పెయింటు మందంగా ఉందో లేదో చూసి కొనడం ముఖ్యం. లైనింగు 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే తీసేయాల్సిందే.

తీసిన పాత ప్యాడ్లను పారేయకుండా వరసగా పెట్టి చూడండి, జబ్బు వాటి మీదే రాసి ఉంటుంది. లోపలి ప్యాడ్ అరిగి బయటిది మిగిలితే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేశాయి. ప్యాడ్ ఏటవాలుగా అరిగితే ఒక పిన్నే పట్టింది. ఒక చక్రం రెండు ప్యాడ్లూ అయిపోయి ఎదుటి చక్రానివి బాగుంటే పిస్టన్ గానీ రబ్బరు హోసు గానీ చూడాలి. చక్రం బిగుసుకున్నప్పుడు కాలిపర్ మీది నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) వదిలితే ఆయిల్ చిమ్మి చక్రం తేలికైతే పిస్టన్ తప్పు కాదు; హోసు లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి పోనివ్వడం లేదన్న అనుమానం ముందు రావాలి.

బిగింపులో తొందరపడకూడని చోట్లు కొన్ని. కాలిపర్‌ని హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. రెండు పిస్టన్ల కాలిపర్ అయితే ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికొస్తుంది, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపుతో రెండూ ఒకేసారి నొక్కాలి. నొక్కేటప్పుడు నిపుల్‌కి గొట్టం తగిలించి వదిలితే మురికి ఆయిల్ పైకి పోకుండా బయటికొస్తుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజే. బేరింగు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. బ్రాకెట్టులో ప్యాడ్ చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు తీసి, వాటి కింద తుప్పు ఆకురాయితో గీకాలి. కొత్త ప్యాడ్ వేలితో నెడితే జరగాలి, సుత్తి అవసరమైతే తుప్పు ఇంకా ఉన్నట్టే. హబ్బు బిగించాక డయల్ గేజ్ (సన్నటి ఊగుని కొలిచే సాధనం) డిస్కుకి పెట్టి తిప్పితే ఊగు 0.05 మిల్లీమీటరు లోపు ఉండాలి, 0.1 దాటితే విప్పి హబ్బు ముఖం మళ్లీ శుభ్రం చేయాలి. బేరింగు వదులుగా ఉంటే ఆ అంకెకు విలువ లేదు.

ముందు డిస్కులు త్వరగా పోవడానికి మేం చూసిన పెద్ద కారణం అసలు ముందు లేదు, వెనక ఉంది. వెనక డ్రమ్ము లైనర్లు అరిగి, వాటి సందుని సర్దే అడ్జస్టర్ తిరగకపోతే భారమంతా ముందు మీదే పడుతుంది. పైగా లోడుని బట్టి వెనక బ్రేకుకి ఒత్తిడి పంచే వాల్వు లివరు యాక్సిల్ దగ్గరే ఉంటుంది, ఐసు పెట్టెల ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారేది సరిగ్గా దాని మీదకే. అది తుప్పుతో ఖాళీ బండి స్థానంలో బిగుసుకుపోతే ఎంత లోడు ఎక్కించినా వెనక బ్రేకు సగమే పడుతుంది. కొత్త డిస్కులతో పాటు ఆ లివరు విడిపించి, వెనక లైనర్లు సర్దాక ముందు ప్యాడ్లు అంతకు ముందుకంటే స్పష్టంగా ఎక్కువ కాలం వచ్చాయి. ఇందులో కొత్త డిస్కు గొప్పతనం ఎంతో, లివరు గొప్పతనం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మా ఓటు లివరుకే.

కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టడం, అంటే డిస్కుకి అతికేలా అలవాటు చేయడం, ఖాళీ బండితో చేయాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అర నిమిషం గాలి తగలనిస్తూ ఓ పదిహేనుసార్లు. తర్వాత పది నిమిషాలు బ్రేకు తక్కువగా వాడుతూ నడపాలి. మొదటి 300 కిలోమీటర్లు సగం లోడే. కాలిన డిస్కుతో దిగువకి వచ్చి పెడల్ తొక్కి పట్టి ఆపితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి అదీ వణుకులాగే తెలుస్తుంది. చక్రం కింద రాయి పెట్టి కాలు తీసేయండి, చల్లారేదాకా కడగనివ్వకండి. చెరువు గట్ల మీద తిరిగే బండికి ప్రతి 10,000 కిలోమీటర్లకీ పిన్నులు ఊడదీసి తుడిచి గ్రీజు పెట్టడం, లోడు దించిన రోజే యాక్సిల్ మీదా లివరు మీదా మంచినీళ్లు కొట్టడం మాత్రం ఏ డిస్కు వేసినా తప్పదు.