మా బ్యాంకు కొత్త యాప్ తెలుగులో పెట్టుకుని వాడితే: 5కి 2 స్టార్లు

బ్యాంకు పేరు చెప్పను గానీ పెద్ద బ్యాంకే, పాత యాప్ ఆపేసి కొత్తది ఇచ్చారు, ఇక అంతా తెలుగులోనే అని మెసేజ్‌లు కూడా పంపారు. అమ్మ పెన్షన్ అందులోనే పడుతుంది కాబట్టి తన ఫోన్లోనూ నా ఫోన్లోనూ వేసి వాడుతున్నాం. ముందే చెప్పేస్తున్నా, యాప్ హ్యాంగ్ అవ్వదు, పంపిన డబ్బు వెంటనే వెళ్తుంది, స్పీడ్‌లో పాతదానికంటే చాలా నయం. నా గొడవంతా స్క్రీన్లతోనే.

హోమ్ పేజీలో పక్కపక్కనే రెండు డబ్బాలుంటాయి, రెండిటి మీదా "ఖాతా..." అనే ఉంటుంది. ఒకటి ఖాతా వివరాలు, ఇంకోటి ఖాతా స్టేట్‌మెంట్, ఏది ఏదో నొక్కి చూస్తే గానీ తెలీదు. ఇంగ్లీషు మాటకి సరిపడా డబ్బా గీసేసి, తెలుగు మాట పట్టకపోతే చుక్కలు పెట్టి వదిలేశారన్నమాట. బటన్లయితే మరీ ఘోరం, "చెల్లించు"లో కింద ఒత్తు తెగిపోయి "చెలించు" అని కనిపిస్తుంది, పక్కనే "రద్దు" కాస్తా "రదు" అయింది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పైనా కిందా చోటు కావాలి కదా, లైను ఎత్తు ఇంగ్లీషుకి కొలిచి ఫిక్స్ చేస్తే తెగక ఏమవుతుంది. ఇదేం దేవరహస్యం కాదు, యాప్ స్క్రీన్లు ఎలా ఉండాలో చెప్పే గూగుల్ మెటీరియల్ డిజైన్ గైడ్‌లోనే తెలుగు, హిందీ, థాయ్ లాంటి లిపులకి లైను ఎత్తు ఎక్కువ ఇవ్వాలని రాసుంది. అమ్మ ఫోన్లో అక్షరాల సైజు పెద్దది పెట్టుకుంది, అందులో ఒత్తులు అసలు కనపడనే కనపడవు. పైగా తెలుగంతా మెనూల్లోనే, ఏదైనా తేడా వస్తే ఎర్రర్ మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. సరిగ్గా అర్థం కావాల్సిన చోటే అర్థం కాకుండా చేశారు.

డబ్బులు పంపే స్క్రీన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. యాప్ మొట్టమొదట అడిగేది ఏ పద్ధతిలో పంపాలి, నెఫ్టా, ఐఎంపీఎస్సా, ఆర్టీజీఎస్సా అని. ఎంత పంపాలో ఇంకా అడగనే లేదు! ఆర్టీజీఎస్‌కి కనీసం 2 లక్షలు ఉండాలి, ఐఎంపీఎస్‌కి 5 లక్షలు దాటకూడదు, మొత్తం ఎంతో ముందు అడిగితే ఏది కుదురుతుందో యాప్ తనే చూపించొచ్చు. ఇది మనల్ని ఎంచుకోమని, అకౌంట్ నంబరు రెండుసార్లు కొట్టించుకుని, చివర్లో ఈ మొత్తానికి ఈ పద్ధతి కుదరదని తిప్పి పంపుతుంది. మొత్తం కొట్టే చోట కామాలు కూడా పడవు, 150000 అని వరసగా ఉంటుంది, సున్నాలు వేలితో లెక్కపెట్టుకోవాలి. యూపీఐ యాప్‌లలో కొడుతుంటేనే 1,50,000 అని మన లెక్కలో పడుతుంటుంది, చిన్న విషయమే గానీ పెద్ద మొత్తం పంపేటప్పుడు ఆ కామానే ధైర్యం.

ఇక ఐఎఫ్ఎస్‌సీ కోడ్, అంటే ఏ బ్యాంకు ఏ బ్రాంచో చెప్పే కోడ్. 11 అక్షరాలు, అందులో ఐదోది ఎప్పుడూ సున్నానే, ఆ చోట ఇంకేదీ రాదు. అమ్మలాంటి వాళ్ళు పాస్‌బుక్ చూసి అక్కడ ఇంగ్లీషు ఓ కొడతారు, సహజం. యాప్ తనంతట తనే సున్నా చేసేయొచ్చు, లేదంటే ఐదోది సున్నా అని అక్కడే చెప్పొచ్చు. ఇది "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఎర్రగా చూపించి ఫారం మొత్తం ఖాళీ చేసేస్తుంది, పేరు, నంబరు, రెండోసారి కొట్టిన నంబరు అన్నీ పోతాయి. ఆ తుడిచెయ్యాలన్న ఐడియా ఎవరిదో గానీ వాళ్ళు వాళ్ళ యాప్‌లో ఎవరికీ డబ్బులు పంపి ఉండరు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, పంపే ముందు అవతలి వాళ్ళ పేరు చూపిస్తోంది. ఇది బ్యాంకు సొంత తెలివి కాదులెండి, నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకి 2025 ఏప్రిల్ 1 లోపు పేరు చూపించే ఏర్పాటు చెయ్యాలని ఆర్‌బీఐ బ్యాంకులకి చెప్పింది. ఎవరు చెప్పి చేయించినా మంచి పనే, పేరు పెద్ద అక్షరాల్లో వస్తుంది, చదివి ఓకే కొట్టడమే.

లోన్ ప్రకటన మాత్రం భరించలేం. లాగిన్ అవ్వగానే మీకు లోన్ రెడీ అని స్క్రీన్ నిండా వస్తుంది, "ఇప్పుడే తీసుకోండి" బటన్ అరచేయంత, మూసే ఇంటూ గుర్తు మాత్రం మూలన లేత బూడిద రంగులో. కింద "తర్వాత" అని ఉంది, "వద్దు" అని లేదు, అంటే రేపు మళ్ళీ వస్తుంది. ఇలా పదేపదే విసిగించడాన్ని వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్‌లో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (స్క్రీన్‌తో జనాన్ని ఏమార్చే ఎత్తులు) గైడ్‌లైన్స్‌లో 13 రకాల్లో ఒకటిగా పెట్టింది. బ్యాంకు వాళ్ళు చదివారో లేదో.

అమ్మకి చదువు తక్కువనో, వయసైపోయిందనో అనకండి, తను కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి టకటకా కట్టేస్తుంది. ఏ యూపీఐ యాప్ తెరిచినా పిన్ కొట్టే పేజీ యూపీఐ నడిపే ఎన్‌పీసీఐది, ఒకేలా ఉంటుంది, చెయ్యి అలవాటు పడిపోతుంది. బండాయన స్క్రీన్ వంక చూడనే చూడడు, స్పీకర్ డబ్బాలోంచి డబ్బు పడిందని మహేశ్ బాబు గొంతు వినిపిస్తే సంచి ఇచ్చేస్తాడు. అలాగని యూపీఐలో తప్పుల్లేవని కాదు, డబ్బులు వస్తాయనుకుని పిన్ కొట్టి పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో, అందుకే కదా 2025 అక్టోబర్ 1 నుంచి మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులు, అంటే అవతలి వాళ్ళు డబ్బు అడిగితే మనం పిన్ కొట్టి పంపే పద్ధతి, తీసేశారు. డబ్బు రావడం, పోవడం రెండిటికీ స్క్రీన్ ఒకేలా కనిపిస్తే ఎవరైనా మోసపోతారు.

రెండు స్టార్లలో ఒకటి స్పీడ్‌కి, ఒకటి పేరు చూపించినందుకు. అమ్మ ఫోన్లో యాప్‌ని మళ్ళీ ఇంగ్లీషుకి మార్చేశా, తనే మార్చమంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ చూసుకోవడానికి ఉంచుకున్నాం, పంపడాలన్నీ యూపీఐలోనే. ఒత్తులు సరిచేసిన అప్‌డేట్ ఎవరికైనా వస్తే చెప్పండి, అప్పుడు తెలుగు పెట్టి చూస్తా.