పాల గడ్డకు కత్తి మానేసి సూది పట్టాక

బాలింత రొమ్ములో చీము పడితే కోసి, గుంట నిండా గాజ్ గుడ్డ కూరి, రోజూ డ్రెస్సింగ్‌కి తిప్పించే పద్ధతి మీద నాకు మనసు విరిగిపోయింది. ఏళ్ల తరబడి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో చీము లాగుతున్నాక, ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్కటే: ఆ పూటే బిడ్డను అదే రొమ్ముకు పట్టించొచ్చు. మచ్చ పడదు, పూర్తి మత్తు అక్కర్లేదు అన్నవి అందరికీ తెలిసినవే.

మా గుంటూరు వైపు గడ్డ కనిపించగానే పాలు మాన్పించేస్తారు. మల్లెపూలు కడతారు, వేడి కాపడం పెట్టి గట్టిగా పిసుకుతారు. పాలు ఒక్కసారిగా ఆపితే రొమ్ము ఇంకా బిగుస్తుంది, పిసికితే వాపు పెరుగుతుంది. బిడ్డ తాగే కొద్దీ తాగనివ్వడమే మేలు. పంపుతో అదనంగా లాగడం కూడా వద్దు.

సూది గుచ్చే చోటు ముఖ్యం. ఎర్రగా పలచబడిన చర్మంలోంచి దించితే అక్కడే రంధ్రం నిలిచిపోయి పాలు కారతాయి. పక్కనున్న మంచి చర్మంలోంచి, చనుమొన చుట్టూ ఉండే నల్ల వలయానికి దూరంగా, ఛాతీ గోడకు సమాంతరంగా పోవాలి. చర్మం కింద తిమ్మిరి మందు, 2 శాతం లిగ్నోకైన్ 2, 3 మి.లీ. చాలు. 18 నంబరు సూది, 10 మి.లీ. సిరంజి. మొదటి సిరంజిలో వచ్చిన చీము, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి పోవాలి.

ఇక ఇబ్బంది పెట్టేది ఇదీ. రెండు సిరంజిలు నిండుతాయి, మూడోది ఖాళీగా వస్తుంది. స్క్రీన్ మీద గుంట మాత్రం అలాగే ఉంటుంది. కంగారులో పిస్టన్‌ను ఇంకా గట్టిగా లాగుతాం. అదే తప్పు. ఆ ఊపుకి గుంట గోడే వచ్చి సూది మొనకు అతుక్కుంటుంది, చీము కదలదు. అప్పుడు పిస్టన్ వదిలేసి, 5 మి.లీ. సెలైన్ మెల్లగా ఎక్కించి, సూదిని కాస్త తిప్పి, నెమ్మదిగా లాగాలి. పెరుగు మీగడలాంటి చీమైతే 18 నంబరుకి లొంగదు, అంతకన్నా లావైన, బూడిద రంగు 16 నంబరు కాన్యులాకి (ప్లాస్టిక్ గొట్టమున్న సూదికి) మారాలి. లోపల పొరలుంటే ఒక్కో గదిలోకి విడిగా మొన పోవాలి, ఒకే చోట నిలబడి ఎంత లాగినా దండగ. సెలైన్ ఎంత పోసింది, ఎంత బయటికొచ్చింది నర్సమ్మ కాగితం మీద రాస్తుండాలి. తీసిన చీము కంటే ఎక్కువ సెలైన్ ఎప్పుడూ పోయకూడదు, ఒత్తిడికి ఇన్‌ఫెక్షన్ చుట్టూ పాకుతుంది. తిరిగొచ్చే నీళ్లు తేటపడేదాకా కడగాలి.

ఆ పూటే పట్టించొచ్చు అన్నాను గానీ, మొదటి రెండు రోజులు నొప్పికి పట్టించలేని తల్లులూ ఉంటారు. వాళ్లు చేత్తో మెల్లగా పిండుకోవాలి. ఒక్క గుచ్చుతో తీరుతుందన్న ఆశ కూడా 3 సెం.మీ. లోపు గడ్డలకే. ఆపైవాటికి రెండు మూడు రోజులకోసారి స్కాన్, అవసరమైతే మళ్లీ సూది. 5 సెం.మీ. దాటితే 8 ఫ్రెంచ్ సైజు, కొన చుట్టుకుని ఉండే పిగ్‌టెయిల్ గొట్టం పెట్టడమే నయం. దాన్ని రోజూ సెలైన్‌తో కడగకపోతే మూసుకుపోతుంది. గొట్టంలోంచి చీము బదులు పాలు వస్తుంటే భయపడొద్దు. స్కాన్‌లో గుంట కూడా మూసుకుంటే, ఇన్ని మి.లీ. లోపు రావాలని కూర్చోకుండా గొట్టం తీసేయొచ్చు.

యాంటీబయాటిక్ క్లాక్సాసిల్లిన్‌తో మొదలుపెట్టినా కల్చర్ రిపోర్టు చూసి మార్చుకోవాల్సి రావచ్చు. చర్మం నల్లబడితే సూదితో పని కాదు, చచ్చిన చర్మం తీసి చిన్న కోత పెట్టాల్సిందే. పాలివ్వని మనిషికి గడ్డ వచ్చి, కల్చర్‌లో ఏమీ పెరగక, మళ్లీ మళ్లీ చీము చేరుతుంటే ఊరికే లాగుతూ పోకూడదు. చీముకి టీబీ కోసం సీబీనాట్ అనే జన్యు పరీక్ష, గోడకి బయాప్సీ చేయించాలి.

గుంటూరు కొత్తపేటలో, స్కాన్ మిషన్ పక్కనే పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఇది నిశ్చింతగా చెప్తాను. కానీ పురుటికి పుట్టింటికొచ్చి సత్తెనపల్లి అవతల పల్లెలో ఉన్న అమ్మాయి, నెల బిడ్డనేసుకుని మూడు రోజులకోసారి బస్సెక్కి రాగలదా అన్నది ముందే ఆమెనీ, వాళ్లమ్మనీ అడగాలి. రాలేమంటే మొదటిరోజే గొట్టం పెట్టి, కడగడం ఊళ్లో నర్సుకి నేర్పించి పంపడం మేలనిపిస్తుంది. అదీ కుదరని చోట డ్రెస్సింగ్ దగ్గర్లోని పీహెచ్‌సీలో జరుగుతుంది కాబట్టి, నాకు ఇష్టం లేకపోయినా కోతే సరైనది కావచ్చు.