పుచ్చిన భోషాణం కాలు: రెజిన్, ఎపాక్సీ, కొత్త చెక్క అతుకు – ఏది మేలు?

కోనసీమ లంక గ్రామాల మండువా ఇళ్ళలో మిగిలిన టేకు భోషాణాలనూ, పందిరి మంచాలనూ పరిశీలిస్తే, పై భాగం నిక్షేపంగా ఉండగానే నేలకు ఆనే కాళ్ళు ముందుగా పాడవడం కనిపిస్తుంది. మా తాతగారి భోషాణం 1986 ఆగస్టు వరదలో మోకాలి లోతు నీటిలో నిలిచింది. దాని వెనుక కాలు పైకి నున్నగానే ఉంటుంది కానీ, బొటనవేలితో నొక్కితే పాత అట్టలా లోపలికి దిగుతుంది.

మరమ్మతుకు ముందు శత్రువు ఎవరో తేల్చుకోవాలి. మట్టి గొట్టాలు కనిపిస్తే నేల చెదలు. గసగసాల వంటి ఆరు పలకల గింజలు రాలితే పొడి చెక్కలో కాపురముండే చెదలు. మైదాపిండిలా మెత్తని పొడి రాలితే పుచ్చు పురుగు. ఈ చివరిది చేవను, అంటే మాను నడిమి గట్టి చెక్కను, దాదాపు ముట్టుకోదు, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కనే తింటుంది. కుళ్ళు తెచ్చే బూజుకు మాత్రం చెక్కలో సుమారు 20 శాతానికి మించిన తేమ కావాలి కనుక, తేమ దారి మూయకుండా ఏ మందు పూసినా అది వృథా.

పారాలాయిడ్ బి-72 అనే, ఆరితే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు లాంటి యాక్రిలిక్ రెజిన్‌ను ఎసిటోన్‌లో 5 నుంచి 10 శాతం కలిపి, పలుచగా సిరంజితో ఎక్కిస్తే పొడిబారిన చెక్క గట్టిపడుతుంది. తరువాత కావాలంటే ఎసిటోన్‌తోనే దానిని మళ్ళీ కరిగించవచ్చు. లోతుగా ఇంకిన రెజిన్ అంతా తిరిగి రాదన్నది నిజమే అయినా, చెక్కడపు లతలు చెరగకుండా నిలపడానికి నాకు ఇంతకంటే మంచి మార్గం కనిపించలేదు. అయితే ధాన్యమో ఇత్తడి సామానో నిండిన భోషాణం బరువును మోయగల బలం దీనివల్ల రాదు.

రెండు భాగాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురైన ఎపాక్సీ ఆ బలం ఇస్తుంది, ఖాళీలనూ నింపుతుంది. కానీ మే నెల ఎండకు ముడుచుకుని, శ్రావణంలో ఉబ్బే చెక్కతో పాటు అది కదలదు. ఆ రెండింటి మధ్య పగులు పడి, అందులోకి నీరు చేరి, పక్కనున్న మంచి చెక్క కూడా కుళ్ళుతుంది. పైగా తీసివేయడం దాదాపు అసాధ్యం. అందుకే దీనిని చివరి మార్గంగానే ఉంచుతాను.

బరువు మోసే కాలికి పాత టేకు ముక్కతో అతుకే మేలు. కుళ్ళిన మేర కోసి, గట్టి చెక్క తగిలిన చోట ఏటవాలుగా చెక్కి, కొత్త ముక్క ఈనెలు పాతవాటి దిశలోనే ఉండేలా కూర్చి, చెక్క మేకులతో బిగించాలి. దీనికి చేయి తిరిగిన వడ్రంగి కావాలి, కొంత అసలు చెక్కనూ పోగొట్టుకోక తప్పదు. ఆ నష్టం నాకు బాధ కలిగిస్తుంది. అయినా కాలు విరిగి భోషాణం ఒరిగితే మూత బందులు ఊడి, పలకలు చీలిపోతాయి.

వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు. మా ద్వారబంధానికి ఒకరు ఎంతో నమ్మకంగా దానిని పూశారు. చెక్క నల్లబడింది, తరువాత రెజిన్ ఇంకలేదు, రాలే పొడి ఆగలేదు.

మా భోషాణానికి పై చెక్కడాల వరకు రెజిన్, వెనుక కాలికి అతుకు అని నిర్ణయించాము. గోడకు జానెడు ఎడంగా, కాళ్ళ కింద రాతి పలకలు వేసి నిలుపుతాము. కొత్త ముక్క లోపలి వైపున, రేపు విప్పి చూసేవారికి తెలిసేలా, అతికిన సంవత్సరం చెక్కిస్తాము.