45 వేల కిలోమీటర్లు నడిపాక: సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్‌ఎస్ 230

స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2017 ఆగస్టులో. అప్పటి ఎక్స్-షోరూమ్ ధర 24.6 లక్షల చిల్లర. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 పీఎస్ పవర్, 350 ఎన్‌ఎం టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), వెనక 590 లీటర్ల డిక్కీ. 2020లో ఆర్‌ఎస్ 245 వచ్చింది కానీ 200 బళ్లే, ధర 35.99 లక్షలు. 2025లో వచ్చిన కొత్త తరం ఆర్‌ఎస్ 100 బళ్లే, ధర 49.99 లక్షలు. అందుకే పాత 230కి గిరాకీ ఇప్పటికీ తగ్గలేదు. మంచి బండికి అడిగే ధరే తలపట్టుకునేలా ఉన్న బండికీ అడుగుతున్నారు. ఈ సమీక్ష 52 వేల కి.మీ. దగ్గర చేతికొచ్చి, ఇప్పుడు 97 వేలు దాటిన బండి గురించి.

ముందు నడక సంగతి. 1,500 ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ దొరుకుతుంది కాబట్టి ఓవర్‌టేక్‌కు గేరు కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు. విజయవాడ హైవే మీద వందలో నిలకడగా వెళ్తే లీటరుకు 13 నుంచి 14 కి.మీ. వస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో 8, మహా అయితే 9. సస్పెన్షన్ మామూలు ఆక్టేవియా కంటే గట్టిగా ఉంటుంది, బండి కాస్త కిందికి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ గట్టితనమే హాయి. కాలనీల్లో కట్టిన స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించాల్సిందే. వెనక సీట్లో పెద్దవాళ్లు రోజూ కూర్చునే ఇల్లయితే ఒకసారి వాళ్లను కూర్చోబెట్టి గుంతల రోడ్డు మీద తిప్పి చూశాకే బేరం మాట్లాడండి.

బండి చూడ్డానికి వెళ్లేది పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. మర్నాడు మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయడమే మేలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో టైమింగ్ చైన్ వైపు నుంచి గలగల వినిపిస్తే చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్‌నో చైన్‌నో అనుమానించాలి. ఈ ఈఏ 888 మూడో తరం ఇంజన్‌లో చైన్ బాధలు పాత తరాలంత లేవు. ఆయిల్ తాగే జబ్బు కూడా చాలావరకు పోయింది. అయినా బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి, చైన్ సాగిందేమో చెప్పే క్యామ్‌షాఫ్ట్ ఫేజ్ పొజిషన్ సున్నాకు దగ్గరగా ఉందో లేదో చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఈ ఇంజన్‌కు అసలు బలహీనత వాటర్ పంపు. పంపు, థర్మోస్టాట్ రెండూ ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి. వేడికి, చల్లదనానికి ఆ ప్లాస్టిక్ ఏళ్ల తరబడి సాగి ముడుచుకుని, సీలు దగ్గర చెమ్మ మొదలవుతుంది. కూలెంట్ చుక్క నేల మీద పడదు. వేడి లోహం మీదే ఆరిపోయి గులాబీ రంగు పొరలా పేరుకుంటుంది. మొబైల్ టార్చి వేసి మానిఫోల్డ్ కిందికి, గేర్‌బాక్స్ పై అంచు మీదికి చూడండి. ఉప్పు గడ్డకట్టినట్టు గులాబీ మరక కనిపించినా, బానెట్ తెరవగానే తియ్యటి వాసన వచ్చినా పంపు పని దగ్గర పడినట్టే. సీలు ఒక్కటే మార్చి సరిపెట్టొద్దు. హౌసింగ్ మొత్తం, దాన్ని తిప్పే చిన్న బెల్టుతో సహా మార్చాలి. బెల్టు పుల్లీ బోల్టుకు ఉల్టా మర ఉంటుంది. ఆ సంగతి తెలియని మెకానిక్ బలం పెట్టి విరగ్గొడితే పని పదింతలవుతుంది. అందుకే షెడ్డులో దింపే ముందే ఆ మాట అడిగి చూడండి. సమాధానం తడుముకుంటే వేరే షెడ్డు చూసుకోవచ్చు.

తర్వాత పీసీవీ, అంటే ఇంజన్ అడుగున చేరే ఆవిరిని మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తిప్పి ఎత్తండి. కాస్త పీల్చుకున్నట్టుండటం మామూలే. మూత ఊడిరానంత గట్టిగా పట్టుకున్నా, ఈల వేసినట్టు శబ్దం వచ్చినా లోపలి పల్చటి రబ్బరు పొర చిరిగినట్టు. పని చిన్నదే, బేరంలో తగ్గించుకోడానికి మాత్రం పనికొస్తుంది.

గేర్‌బాక్స్ డీక్యూ 250. ఇది ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌ల రకం. ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీతో దీన్ని కలిపి భయపడొద్దు. మన ట్రాఫిక్‌కు ఇది చాలా మెరుగు. కానీ ప్రతి 60 వేల కి.మీ.కు ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. ఆ బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. నడిపి చూసేటప్పుడు బ్రేకు వదిలి బండిని తనంతట తాను పాకనివ్వండి. వణుకు రాకూడదు. న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు గేర్‌బాక్స్ వైపు టకటక ఉండి, గేరు వేస్తే పోతుంటే ఫ్లైవీల్ అరిగిందని అర్థం. అది ఖరీదైన పని.

మీటరు తిప్పారో లేదో తెలుసుకోడానికి స్కానర్‌ను మించిన సాక్షి లేదు. ఫాల్ట్ కోడ్ పడినప్పుడు అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడిందో కూడా నమోదవుతుంది. మీటరులో 55 వేలు ఉండి, ఏదో పాత కోడ్ 82 వేల దగ్గర పడినట్టు చూపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. కోడ్‌లు ఒక్కటీ లేకుండా రెడీనెస్ టెస్టులు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తికానట్టు చూపిస్తే, మీరు వచ్చే ముందు ఎవరో చెరిపేశారు. బండి గతంలో ట్యూన్ అయిందా, అంటే సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచారా అన్నదీ అప్పుడే అడగాలి. ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చారో లెక్కపెట్టే ఫ్లాష్ కౌంటర్ ఉంటుంది. కంపెనీ సిస్టంలో టీడీ1 గుర్తు పడి ఉంటే సాఫ్ట్‌వేర్ ముట్టుకున్నట్టు. మళ్లీ స్టాక్‌కు మార్చి అమ్మినా ఆ జాడ పోదు. పెయింట్ మందం కొలిచే మీటరు కూడా తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ పెయింట్ 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ వేసింది, 400 దాటితే కింద పుట్టీ ఉంది. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటి మీద ఆ మీటరు పనిచేయదు.

కాగితాల్లో ఆర్‌సీ కంటే పాత ఇన్సూరెన్స్ పాలసీ ఎక్కువ మాట్లాడుతుంది. నో క్లెయిమ్ బోనస్ వరుసగా 20, 25, 35, 45, 50 శాతం పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకు పడిపోతుంది. మొదటి యజమాని దగ్గరే ఉన్న 2018 బండి పాలసీలో బోనస్ 20 శాతమే ఉందంటే ఈమధ్యే క్లెయిమ్ జరిగింది. ఏం క్లెయిమో అడగండి, సర్వే బిల్లు చూపించమనండి. రెండో యజమానైతే ఈ లెక్క కొంచెం తప్పొచ్చు, ఎందుకంటే బోనస్ మనిషిది, బండిది కాదు.

ఈ ముక్క చాలామందికి తెలియక డబ్బు పోగొట్టుకుంటారు. అమ్మినాయన బోనస్ మీకు రాదు. పాలసీ మీ పేరుకు మారాలంటే ఆ బోనస్ తేడాను మిగిలిన కాలానికి మీరు కట్టాలి. లెక్క ఇలా: ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) ప్రీమియం 30,000, దాని మీద 50 శాతం బోనస్ అంటే 15,000. ఆరు నెలల గడువు మిగిలి ఉంటే 7,500, దానికి 18 శాతం జీఎస్టీ కలిపి 8,850. మీ పాత బండి అమ్మేసి ఉంటే దాని బోనస్‌కు రిటెన్షన్ లెటర్ తీసుకోండి, మూడేళ్ల వరకు చెల్లుతుంది. దాన్ని ఈ బండికి వాడుకోవచ్చు.

ఫారం 29, 30 ఇచ్చి ఆర్‌సీ మార్పిడి పెట్టాం కదా, పాలసీ దానంతట అదే మారుతుందనుకోవద్దు. థర్డ్ పార్టీ భాగానికే ఆ వెసులుబాటు, అయినా 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఓన్ డ్యామేజ్ మీరు అడిగి, కాగితాలిచ్చి మార్పించుకుంటేనే మీది. బండి ఇంటికి వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క తేలాకే ధర ఖాయం చేయండి. ఈ ధర బండికి ఆ పన్ను చిన్న మొత్తం కాదు.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది ఐడీవీ, అంటే పాలసీలో రాసుకునే బండి విలువ. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ మీకూ కంపెనీకీ ఒప్పందం ప్రకారం ఉంటుంది. ఆన్‌లైన్‌లో కనిపించే తక్కువ ఐడీవీ చూసి, ప్రీమియం నాలుగైదు వేలు తగ్గిందని సంబరపడితే తర్వాత ఏడవాల్సి వస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కగడతారు. ఆర్‌ఎస్ హెడ్‌లైట్లు, బంపర్లు, ఎయిర్‌బ్యాగులు ఖరీదైనవి. ముందు నుంచి ఒక మోస్తరు దెబ్బ తగిలినా ఆ 75 శాతం ఇట్టే దాటుతుంది. 14 లక్షలకు కొన్న బండికి 9 లక్షల ఐడీవీ పెట్టుకుంటే, బాగుచేయగలిగిన బండి కూడా 9 లక్షల చెక్కుగా మారిపోతుంది. ఫోన్ చేసి, కొన్న రసీదు చూపించి ఐడీవీ పెంచమని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. 1,500 సీసీ దాటిన కార్లకు 2022 జూన్‌లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం 7,897. ప్రతి క్లెయిమ్‌లో మన జేబునుంచి తప్పనిసరిగా పోయేది 2,000. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే అదనపు కవర్) ఈ వయసు బండికి కొందరే ఇస్తారు, దొరికితే వదలొద్దు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మీదే. వర్షాకాలంలో హైదరాబాద్ రోడ్లు చూసినవాళ్లకు ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజన్ పాడైతే ఆదుకునే అదనపు కవర్) ఎందుకో చెప్పక్కర్లేదు. నీళ్లలో బండి ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ నొక్కొద్దు. నీరు సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కొన్నాక మొదటి నెలలో చేయాల్సినవి కొన్నే. ఇంజన్ ఆయిల్ 5.7 లీటర్లు, వీడబ్ల్యూ 502 00 లేదా 504 00 గ్రేడ్. కంపెనీ చెప్పేది 15 వేలకు ఒకసారి, ఈ టర్బోకు మన ఎండల్లో 8 నుంచి 10 వేలకే మార్చడం మేలు. డీఎస్‌జీలో మార్చినప్పుడు పట్టేది 5 లీటర్ల పైచిలుకు. లెవెల్ చూసే పద్ధతి కచ్చితంగా పాటించాలి: ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండగా, ఇంజన్ నడుస్తూ, బండి సమంగా నిలబడి ఉండగా అడుగు బోల్టు లోపలి గొట్టం నుంచి సన్నగా కారడం ఆగాలి. ఇంజన్ ఆపేసి చూసిన లెవెల్ తప్పు. స్కానర్ లేకుండా ఈ పని చేస్తామనే షెడ్డుకు ఇవ్వొద్దు. ఇంజన్ కింద గట్టి గార్డు కూడా అప్పుడే వేయించండి.

ఇక మార్పులు. చట్టం ముందు తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన తయారీ వివరాలు మారిపోయే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ ఉండొచ్చు. క్లెయిమ్ వేళ సర్వేయర్ కంటపడిన చెప్పని మార్పు మొత్తం క్లెయిమ్‌కే ఎసరు పెట్టొచ్చు. వీల్స్, ఆడియో లాంటివి బిల్లుతో సహా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పెట్టండి.

స్టేజ్ 1 ట్యూన్ (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చేది) గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది స్టాక్‌లోనే చాలినంత వేగం. డీక్యూ 250 రూపకల్పన 350 ఎన్‌ఎంకు, బండి పుట్టుకతోనే ఆ హద్దు మీద ఉంది. స్టేజ్ 1 దాన్ని 400 దాటిస్తుంది. క్లచ్ ప్రెషర్ పెంచే గేర్‌బాక్స్ ట్యూన్ కూడా చేయించకపోతే క్లచ్ జారుతుంది. చట్టం, పాలసీ ఎలా ఉన్నా చేయించుకుని తీరతామనేవాళ్లు ట్రాక్ వాడకానికే పరిమితం చేసుకోవాలి. 95 ఆక్టేన్ కంటే తక్కువ పెట్రోలు పోయొద్దు. ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి వేసి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉంచాలి. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, స్కానర్‌తో రీడింగుల లాగ్ తీసి చూడాలి. ఏ సిలిండర్‌లోనైనా ఇగ్నిషన్ టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి లాగుతుంటే ఆ ఫైల్ మన ఎండకు, మన పెట్రోలుకు సరిపడలేదు. మే నెల మధ్యాహ్నం తీసిన లాగే లెక్క, జనవరి తెల్లవారుజామున తీసింది కాదు.

డబ్బు ఖర్చు పెట్టాలనుంటే టైర్ల మీద పెట్టండి. ఫ్యాక్టరీ సైజు 225/45 ఆర్17. మంచి రకం టైర్లు ముందు చక్రాలకు 30 వేల కి.మీ. వరకు వచ్చాయి, ప్రతి 8 వేలకు ముందువి వెనక్కి మారిస్తేనే. 18 అంగుళాల వీల్స్‌కు 225/40 వేస్తే చుట్టుకొలత తేడా అర శాతం లోపే, మీటరు తప్పు చూపదు. కానీ టైరు గోడ ఒక సెంటీమీటరుకు పైగా తగ్గిపోతుంది. మన గుంతల్లో అంచు వంగేది, టైరు పక్కన బుడగ లేచేది అందువల్లే. 17 మీదే ఉండండి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చి, నాలుగు చక్రాలకూ మంచి రకం ప్యాడ్లు వేస్తే శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తేడా పెడల్ కింద తెలుస్తుంది. గాలి ఒత్తిడి ఎంతుండాలో పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ మీద ఉంది. బంకు కుర్రాడు అందరికీ కొట్టే లెక్క కొట్టనివ్వకుండా, టైరు చల్లగా ఉన్నప్పుడు మీరే చూసుకోండి.