511 డాలర్ల రోజా, 200 డాలర్ల రోజా? అమెరికా కోవిడ్ లీవ్ క్రెడిట్‌లో ఏది మేలు?

అమెరికాలో సొంతంగా పని చేసుకునే మనవాళ్లు, అంటే హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద బొటిక్ నడిపే అక్కలు, ఊబర్ తోలే అన్నలు, ఇంట్లోనే డేకేర్ పెట్టుకున్నవాళ్లు, ఫారం 7202 గురించి, అంటే 2020, 2021లో కోవిడ్ వల్ల పని చేయలేకపోయిన రోజులకి టాక్స్ క్రెడిట్ అడిగే ఫారం గురించి, ఇంకా అడుగుతూనే ఉన్నారు. 2020కి క్లెయిమ్ గడువు మామూలుగా 2024 మేలో, 2021కి 2025 ఏప్రిల్‌లో అయిపోయింది, కాబట్టి ఇప్పుడీ పోలిక ఎక్కువగా పనికొచ్చేది ఆల్రెడీ క్లెయిమ్ చేసేసి, కరెక్టుగానే చేశామా అని టెన్షన్ పడుతున్నవాళ్లకి.

ఇందులో రెండు రకాల రోజులు ఉన్నాయి. మీకే కోవిడ్ లక్షణాలొచ్చి టెస్టుకి తిరిగారు, లేదా డాక్టరో ప్రభుత్వమో క్వారంటైన్‌లో ఉండమంది, అప్పుడు మీ రోజు సంపాదన మొత్తం లెక్క, కాకపోతే 511 డాలర్లు దాటదు, పది రోజులే. ఇంకొకళ్లని చూసుకోడానికి ఆగిపోతే సంపాదనలో 67 శాతం, 200 దాటదు. పిల్లల స్కూలో డేకేరో కోవిడ్ వల్ల మూసేస్తే ఆ 200 రేటు మీదే ఫ్యామిలీ లీవ్ ఇంకో 50 రోజులు.

అందరూ 511 నంబర్ చూసి ఎగబడ్డారు గానీ అది రావాలంటే ఏడాదికి సుమారు 1,32,860 డాలర్ల నెట్, అంటే ఖర్చులు పోగా మిగిలే ఆదాయం, ఉండాలండీ, ఎందుకంటే రోజు సంపాదన అంటే సెల్ఫ్ ఎంప్లాయిమెంట్ నెట్‌ని 260తో భాగించేదే. 200 పూర్తిగా రావాలన్నా 77,600 దాకా ఉండాలి. ఇంట్లో బ్లౌజులు కుట్టే అక్కకి అంత నెట్ ఎక్కడిది చెప్పండి, ఖర్చులన్నీ చూపించి నెట్ తగ్గించుకున్నవాళ్లకి ఇక్కడ క్రెడిట్ కూడా తగ్గింది.

అందుకే నా లెక్కలో 511, 200 కంటే ఏ సంవత్సరం ఇన్‌కమ్ తీసుకున్నారన్నదే పెద్ద తేడా. 2020 డిసెంబర్‌లో వచ్చిన చట్టం ముందటేడు నెట్ వాడుకునే ఛాన్స్ ఇచ్చింది. ఉదాహరణకి 2019లో నెట్ 39,000, లాక్‌డౌన్ దెబ్బకి 2020లో 13,000 అనుకోండి. 2020 లెక్కన రోజుకి 50, పది రోజుల జబ్బుకి 500. 2019 లెక్కన రోజుకి 150, అదే పది రోజులకి 1,500. పిల్లల కోసం 50 రోజులు ఆగిపోయుంటే 1,675కి బదులు 5,025. ఒక్క గడి మార్చినందుకు ఇంత తేడా, సాఫ్ట్‌వేర్‌లో చకచకా నెక్స్ట్ నొక్కుకుంటూ పోయినవాళ్లు ఇది మిస్సయిపోయారు.

ఇంకోటి, జబ్బూ పడి పిల్లల్నీ చూసుకున్నవాళ్లకి ఆ పది రోజుల కోటా సొంత జబ్బుకి వాడుకుని పిల్లల రోజుల్ని 50లో వేయడమే మేలు, ఒకే రోజుని రెండు చోట్లా వేయకూడదు. ఇండియా నుంచొచ్చిన అత్తగారు క్వారంటైన్‌లో ఉంటే ఆవిడ కోసం ఆగిన రోజులు మాత్రం 2021 మార్చి దాకా పది రోజుల కోటాలోనే, ఫ్యామిలీ లీవ్‌లో పట్టవు. 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రూల్ వదులైంది, కొత్తగా పది రోజులు, ఫ్యామిలీకి 60, వ్యాక్సిన్ వేయించుకుని జ్వరంతో పడుకున్నా లెక్కే.

మరి రైడ్లు లేవు, ఆర్డర్లు రాలేదు అంటే? అది ఈ క్రెడిట్‌కి కారణం కాదు. ఆ నష్టానికి పెట్టింది పాండెమిక్ అన్‌ఎంప్లాయిమెంట్, రాష్ట్రం ఇచ్చేది, 2020 జూలై చివరిదాకా వారానికి 600 అదనం కూడా వచ్చింది. బేరం పూర్తిగా పడిపోయినవాళ్లకి నిస్సందేహంగా అదే మేలుగా ఉండేది, కాకపోతే అది ఇన్‌కమ్ కింద లెక్క, టాక్స్ పడుతుంది. పని ఉండి ఒంట్లో బాలేక చేయలేకపోయినవాళ్లకి 7202, కట్టాల్సిన టాక్స్ లేకపోయినా రిఫండ్‌గా వచ్చేది.

డబ్ల్యూ-2 జీతం, అంటే కంపెనీ ఉద్యోగం జీతం, ఒక్కటే ఉన్నవాళ్లకి ఇది లేనే లేదు, ఇంటి అద్దె ఆదాయానికీ లేదు, ఎస్ కార్ప్ అనే రకం సొంత కంపెనీ పెట్టుకుని అందులోంచి జీతం తీసుకునేవాళ్లకి ఆ జీతం మీదా రాదు. ఉద్యోగంతో పాటు సైడ్ బిజినెస్ ఉంటే ఆఫీసు ఇచ్చిన కోవిడ్ లీవ్ జీతం కూడా అదే ఫారంలో చూపించాలి, రెండూ కలిపి లిమిట్ దాటితే కోత పడుతుంది.

"32,220 డాలర్లు మీకోసం రెడీ" అని రీల్స్ తిరిగాయి కదా, అది రెండేళ్లలో ప్రతి రోజూ, ప్రతి కోటా ఫుల్లుగా వాడితే వచ్చే నంబర్. అలాంటి ఎవరికైనా వచ్చే సెల్ఫ్ ఎంప్లాయిమెంట్ క్రెడిట్ ఏదీ లేదని అమెరికా టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ 2024 జూలైలోనే చెప్పింది. కమిషన్ మీద ఎవరో ఫైల్ చేసిపెట్టి ఉంటే ముందు ఆ ఫారం కాపీ తెప్పించుకుని రోజులు చూడండి. టెస్ట్ రిపోర్టు, డాక్టర్ మెసేజ్, స్కూల్ మూసేసిన ఈమెయిల్, వీటితో ఆ రోజులు సరిపోతుంటే ఐఆర్‌ఎస్ నుంచి లెటర్ వస్తే ధైర్యంగా జవాబివ్వొచ్చు. సరిపోకపోతే మాత్రం వాళ్లు పట్టుకునేదాకా ఆగడం కంటే 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్ వేసి ఎక్కువొచ్చింది కట్టేయడమే చవక, పట్టుకుంటే పెనాల్టీ 20 శాతం దాకా పడొచ్చు, వడ్డీ అదనం. మీరిచ్చిన కమిషన్ గురించి ఐఆర్‌ఎస్‌కి సంబంధం లేదు, అది ఫైల్ చేసినవాళ్లనే అడుక్కోవాలి.