మోడల్ ట్రైన్ లేఅవుట్‌కి ఏది మేలు: మామూలు డీసీనా, డీసీసీనా?

మా బావమరిది చెన్నై అన్నానగర్‌లో మేడ మీది గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) లేఅవుట్ మొదలుపెట్టి, "బావా, డీసీసీ అయితే రెండు వైర్లతో పని అయిపోతుందట కదా?" అన్నాడు. ఆ మాట నమ్మే నేను ఒకసారి వైరింగంతా పీకి మళ్ళీ చేశాను. డీసీ అంటే పట్టాల్లో వోల్టేజీ పెంచి తగ్గించి నడపడం, డీసీసీ అంటే ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆర్డర్లు పంపి నడపడం.

ఒక చుట్టు, ఒక ఇంజిన్ అయితే డీసీ చాలు, డబ్బు పోసుకోవద్దు. పట్టాల్లోకి 0 నుంచి 12 వోల్టుల దాకా ఎంత వదిలితే అంత స్పీడు. చిక్కంతా రెండో ఇంజిన్ వచ్చాకే. కరెంటున్న పట్టా మీద ఇంజిన్లన్నీ కలిసి కదులుతాయి కాబట్టి, ఒకదాన్ని స్టేషన్లో ఆపి ఇంకోదాన్ని నడపాలంటే పట్టాను కోసి బ్లాకులు చేసి, ఒక్కోదానికీ స్విచ్ పెట్టాలి. నా పాత లేఅవుట్లో ఎనిమిది బ్లాకులు. రైలును చూసే తీరికే ఉండేది కాదు, ఏ స్విచ్ ఎటుందోనని టెన్షన్.

డీసీసీలో పట్టాల్లో ఎప్పుడూ సుమారు 15 వోల్టులుంటాయి, ఆర్డర్లు కూడా ఆ కరెంటులోనే వెళ్తాయి. ఇంజిన్లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు తన నంబరుకు వచ్చినదాన్నే వింటుంది. కొత్తవన్నీ నంబరు 3తోనే వస్తాయి, ముందు అది మార్చుకోవాలి.

బ్లాకుల బాధ పోతుంది గానీ వైరింగ్ తగ్గదు, ఇంకా గట్టిగా చేయాలి. బల్ల కింద 2.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు బస్‌గా (అంతటికీ కరెంటు మోసే ప్రధాన వైరుగా) లాగి, ప్రతి మూడడుగులకీ రెండు పట్టాలకూ సన్న వైర్లు సోల్డర్ చేయాలి. పట్టా ముక్కలను కలిపే జాయినర్లను నమ్ముకుంటే చెన్నై ఉప్పుగాలికి కొన్నాళ్ళకే దూరపు మలుపులో రైలు నీరసపడుతుంది. అన్నీ అయ్యాక పది రూపాయల బిళ్ళ పట్టాలకు అడ్డంగా పెట్టి, అలా చుట్టూ ప్రతిచోటా చూడండి, పెట్టగానే బూస్టర్ (పట్టాలకు కరెంటిచ్చే పెట్టె) ట్రిప్ అవ్వాలి, అంటే కరెంటు ఆపేయాలి. అవ్వలేదా, అక్కడ రైలు పట్టా తప్పిన రోజు చక్రాల దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది.

పాత ఇంజిన్లో డీకోడర్ పెట్టేటప్పుడు మోటారు బ్రష్ (మోటారులోకి కరెంటు పంపే ముక్క) ఛాసిస్‌కి, అంటే ఇంజిన్ లోహపు చట్రానికి, తగలకుండా విడదీయాలి. నేను మీటరు పెట్టి చూడకుండా కలిపాను, కరెంటు ఇచ్చీ ఇవ్వగానే కాలిన వాసన, డీకోడర్ పోయింది.

ఇక డీసీసీ కంట్రోలర్ రెడీమేడ్ సెట్టా, సొంతంగా చేసుకోవడమా? చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఆర్డునో మెగా (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు), మోటార్ షీల్డ్ (దాని మీద కూర్చుని పట్టాలకు కరెంటిచ్చే బోర్డు), వైఫై మాడ్యూల్ కొని డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఫోన్లోంచే నడపొచ్చు. రెండు మూడు ఇంజిన్లకు ఆ షీల్డ్ సరిపోతుంది. నాకు మాత్రం నాబ్ (తిప్పే బిరడా) ఉన్న కంట్రోలరే ఇష్టం, తిప్పుతున్నంతసేపూ కళ్ళు రైలు మీదే ఉంటాయి, ఫోన్లో ఆ సుఖం లేదు. కానీ బావమరిది దగ్గరున్నవి మూడే ఇంజిన్లు, పైగా బస్ సరిగ్గా వేస్తే రేపు పెద్ద సెట్ కొన్నా అదే పనికొస్తుంది, కాబట్టి ఆర్డునోయే మేలన్నాను. ఎరుపు, నలుపు వైర్లు చెరో పది మీటర్లు తెచ్చి పెట్టమన్నాను, ఆదివారం వెళ్ళి ఇద్దరం లాగుతాం.