పోఖరా పిల్లల దగ్గరికి మళ్లీ వలంటీర్‌గా

"ఎప్పుడు తిరిగి వెళ్లిపోతారో ముందు చెప్పండి, రావడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం." నేపాల్‌లోని పోఖరా శివార్లలో ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రానికి మళ్లీ వస్తానని రాస్తే వచ్చిన జవాబు ఇది. నేను చేరిన రోజే ఆ తేదీని పిల్లలకు చెప్పి, భోజనాల గదిలోని క్యాలెండర్ మీద గుర్తు పెట్టారు. దగ్గరైనవాళ్లు ఉన్నట్టుండి మాయమవడం ఆ పిల్లలకు అలవాటైపోయింది. ఇంకొకరు అలా చేయకూడదని కేంద్రం వాళ్ల పట్టుదల. ఈ ఒక్క నియమం చూస్తే చాలు, ఆ చోటు మీద నమ్మకం కుదురుతుంది.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెప్తాను. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. కాఠ్మాండూ నుంచి పోఖరాకు సుమారు 200 కిలోమీటర్లు. నేను వెళ్లినప్పుడు రోడ్డు విస్తరణ పనుల వల్ల బస్సులో దాదాపు రోజంతా పట్టింది, దుమ్ము కూడా ఎక్కువే. విమానంలో అరగంట కూడా పట్టదు. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంది కాబట్టి అప్పుడు బస్సును నమ్ముకోవద్దు. వంద భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఈ లెక్క ఏళ్లుగా మారలేదు.

బస విషయంలో కాస్త ఆలోచించాలి. క్రితంసారి ప్రాంగణంలోని అతిథి గదిలోనే ఉన్నాను. ఈసారి వాళ్లు బయట ఉండమన్నారు. ఫేవా సరస్సు పక్కన లేక్‌సైడ్‌లో ప్రతి బడ్జెట్‌కూ గదులున్నాయి, వేడినీళ్లు, వైఫై దొరుకుతాయి. కానీ అది పర్యాటకుల పేట, రాత్రి సంగీతం ఆగదు, పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. నేను కేంద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాను. స్నానాల గది అందరికీ ఒకటే, సాయంత్రం ఒక్కోసారి కరెంటు పోయేది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను. పిల్లల ఇంట్లో రాత్రి వాళ్లవాళ్లే ఉండాలి, అతిథి ఉంటే ఆ ఇల్లు అతిథి చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

అక్కడ హాస్టల్ లాంటి పెద్ద హాలు లేదు. చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో ఇంటికి ఒక ఆమా (నేపాలీలో అమ్మ), ఆమె దగ్గర కొద్దిమంది పిల్లలు. తోబుట్టువులను విడదీయరు. బడికి వెళ్లే ముందే పప్పూ అన్నం తినేస్తారు, మళ్లీ రాత్రికి అదే. వంటింట్లో సాయం చేయబోతే పెద్ద ఆమా నవ్వి, "బహినీ (చెల్లీ), ఇది పిల్లల వంతు, నువ్వు కూర్చో" అంది. ఆమె అన్నది నిజమే. కూరలు తరగడం, గిన్నెలు కడగడం వాళ్లు నేర్చుకోవాల్సిన పనులు.

క్రితంసారి ఆటలు, పాటలతో గడిచింది. ఈసారి నాకిచ్చిన పని అంత సరదాగా ఉండదు, కానీ చాలా ఎక్కువ ఉపయోగం. పదో తరగతి చివర రాసే ఎస్ఈఈ పరీక్ష కోసం, సాయంత్రాలు లెక్కలు చెప్పడానికి వచ్చే స్థానిక మాస్టారితో కలిసి అభ్యాస పత్రాలు తయారుచేశాను. పిల్లలకు చెప్పేది ఆయనే. నేను వెళ్లాక కూడా పాఠం ఆగదు. పగలు ఆఫీసులో విరాళాల రసీదులు, పిల్లల టీకాల రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

అక్టోబరులో వెళ్లాలని చాలామందికి ఉంటుంది. ఆకాశం తేటగా ఉండి మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం కనిపిస్తుంది, ట్రెక్కింగ్‌కు అదే సీజన్. కానీ దశైం, అంటే అక్కడి దసరా, సెలవులు తరచుగా అప్పుడే వస్తాయి. ఎవరైనా బంధువులున్న పిల్లలను ఆ పండక్కి వాళ్ల దగ్గరికి పంపుతారు. ఇళ్లు సగం ఖాళీ అవుతాయి, అలా ఖాళీ అవడమే మంచిది. నేపాల్‌లో ఇలాంటి కేంద్రాల్లో ఉండే చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2018 బాలల చట్టం కూడా సంస్థలో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది. బంధువుల ఇంటికి బిడ్డను పంపడానికి తొందరపడే కేంద్రం మంచి కేంద్రం. దాతలు వస్తున్నారని పిల్లలను ఆపేసే చోటికి వెళ్లకండి.

డబ్బు తీసుకుని వలంటీర్లను పంపే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. నేను మాట్లాడిన ఒక ఏజెన్సీ పోలీసు సర్టిఫికెట్ అడగలేదు, "మొదటి రోజు నుంచే పిల్లలతో గడపొచ్చు" అని ఊరించింది. అంత సులువుగా తలుపు తీసేవాళ్లను చూస్తే నాకు భయం. నేను వెళ్లిన కేంద్రం పోలీసు సర్టిఫికెట్, ఇద్దరి సిఫారసు లేఖలు తీసుకుంది. పిల్లల ముఖాలు సోషల్ మీడియాలో పెట్టనని సంతకం చేయించింది. ఏ ఒక్క బిడ్డకూ విడిగా బహుమతి ఇవ్వనివ్వలేదు, తెచ్చిన పుస్తకాలు లైబ్రరీకి చేరాయి. ఇంకో సంగతి, పర్యాటక వీసాపై వచ్చే ఇతర దేశాలవాళ్లు జీతం లేకుండా పనిచేయడాన్ని కూడా నేపాల్ నిబంధనలు ఒప్పుకోవు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లు ఇది ముందే కనుక్కోవాలి.

వచ్చే ఏడాది బైశాఖ్‌లో, అంటే ఏప్రిల్ మధ్యలో, అక్కడ కొత్త విద్యా సంవత్సరం మొదలవుతుంది. మాస్టారు తొమ్మిదో తరగతి లెక్కలకు కూడా పత్రాలు కావాలన్నారు. వాటిని ఇక్కడి నుంచే తయారుచేసి పంపుతున్నాను. వెళ్లాల్సిన అవసరం ఉందో లేదో వాళ్లే చెప్తారు.